కింది మెట్టు మీది కొవ్వొత్తి

మా మామగారు ఎప్రెమ్ యాభై ఎనిమిదేళ్లు వైన్ చేశారు. అది సహజమైన వైన్ అని ఆయనకి అంతవరకూ ఎవరూ చెప్పలేదు. డెబ్బై నాలుగో ఏట కొడుకు చెప్పాడు.

"పొడులు కలపం, వడపోత మిషన్లు పెట్టం, బయటి పులుపు వెయ్యం. దీన్ని ఇప్పుడు నేచురల్ వైన్ అంటున్నారు నాన్నా," అన్నాడు మా ఆయన నుగ్జార్, ఫోన్ ముందుకు చాపి.

మామగారు ఫోన్‌ని కంటికి దగ్గరగా పెట్టుకుని చూశారు, దూరంగా పెట్టుకుని చూశారు. రెండు కళ్లలోనూ శుక్లాలు.

"మరి మిగతావాళ్లు చేసేదాన్ని ఏమంటార్రా?"

"వైన్ అంటారు."

"అయితే పేరు మార్చుకోవాల్సింది వాళ్లు కదరా. మనకెందుకు?"

నుగ్జార్ రాజధాని తిబిలిసిలో ఇరవై ఏళ్లు ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేశాడు. పరాయివాళ్ల ఇళ్లలో ప్రమాదాలు ఎలా జరిగాయో, అందులో తప్పు ఎవరిదో కాగితం మీద రాయడం ఆయన ఉద్యోగం. అది వదిలేసి మమ్మల్ని ఊరికి తీసుకొచ్చాడు. నేను తిబిలిసిలో జాగ్రఫీ టీచర్ని, ఊళ్లో కూడా జాగ్రఫీ టీచర్నే. కాకపోతే ఇక్కడి పిల్లలకి కాకసస్ పర్వతాలు మ్యాపులో చూపించక్కర్లేదు, కిటికీలోంచి చూపిస్తే చాలు.

రోడ్డుకి అవతల ఉన్న వైన్ ఫ్యాక్టరీ వాళ్లు మా తోట అడుగుతున్నారు. ఆ శరత్కాలానికి ముందు నుగ్జార్ ఇంట్లో అందరికీ ఒక మాట చెప్పాడు. లియోన్ నుంచి పాస్కల్ అనే విదేశీ వైన్ వ్యాపారి కోతల సమయానికి వస్తాడు. మా పద్ధతి ఆయనకి నచ్చితే ఏటా మా వైన్ మొత్తం ఆయనే తీసుకుంటాడు. నచ్చకపోతే తోట ఫ్యాక్టరీకి, నుగ్జార్ మళ్లీ ఇన్సూరెన్స్‌కి. మామగారు అంతా విని తల ఊపారు. పాస్కల్ అన్నది మనిషి పేరో పురుగుమందు పేరో మాత్రం ఆయన చాలా రోజులు తేల్చుకోలేదు.

మా బానల కొట్టు పెరటికి అవతల, కొండవాలులో ఉంటుంది. పెరట్లోంచి వెళ్తే ఏడు మెట్లు కిందికి దిగాలి. లోయ వైపు గోడ మాత్రం నేలకి పైనే ఉంటుంది. లోపల ఎనిమిది మట్టి బానలు, మెడదాకా భూమిలో పాతినవి. ఒక్కోదాంట్లో మనిషి నిలబడితే తల కనపడదు. ద్రాక్ష తొక్కి రసం, తొక్కలు, గింజలు, తొడిమలు అన్నీ అందులోనే పోస్తాం. రెండో రోజుకి పొంగు మొదలవుతుంది. తొక్కలన్నీ పైకి తేలి మూతలా గట్టిపడతాయి. రోజుకి ఐదుసార్లు బాన అంచున మోకాళ్ల మీద కూర్చుని, పొడుగు కర్రతో వాటిని కిందికి తోస్తూ కలియబెట్టాలి. కలపకపోతే పుల్లబడిపోతుంది. మనిషి చేసేది అంతే. మిగతాది బాన చూసుకుంటుంది.

పొంగేటప్పుడు బాన ఒక గాలి వదులుతుంది. దానికి రంగు లేదు, మనకి తెలిసేంత వాసన లేదు. బరువైన గాలి. నేల మీద నీళ్లలా నిలబడుతుంది. నిలబడ్డవాడి ముక్కుకి అది అందదు, మోకాళ్ల మీద కూర్చున్నవాడి ముక్కుకి అందుతుంది. మామగారి అన్న, తెదో అని, ఒక కోతల కాలంలో అలా కూర్చుని మళ్లీ లేవలేదు. అప్పటినుంచీ మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నారు.

తలుపు పక్కన కొక్కానికి ఒక ఇనుప గరిటె వేలాడుతూ ఉంటుంది. దానికి మనిషికంటే పొడుగు కర్ర కట్టి ఉంటుంది. గరిటెలో మైనపు కొవ్వొత్తి వెలిగించి నిలబెట్టి, పై మెట్టు మీద నుంచే కింది మెట్టుకి దించాలి. 'పరలోకమందున్న మా తండ్రీ' ఒకసారి పూర్తిగా చదవాలి. అప్పటికీ కొవ్వొత్తి వెలుగుతుంటే, "వెలుగుతోంది" అని పైకి చెప్పాలి. అప్పుడే మనిషి దిగాలి. ఇంకో షరతు, దిగేవాడు కొవ్వొత్తి పెట్టకూడదు. వేరేవాళ్లే పెట్టాలి.

కోడలిగా వచ్చిన కొత్తలో ఎందుకలా అని అడిగాను.

"నా వైన్ మీద నాకు ఆశమ్మా," అన్నారు మామగారు. "ఆశున్నవాడికి ఆరిపోయింది కూడా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది."

మొదట్లో ఆ పని అత్తగారిది. ఆవిడ పోయాక నాది. సెలవలు పెట్టుకుని మరీ తిబిలిసి నుంచి వచ్చేదాన్ని. ఊరికొచ్చాక అదీ అక్కర్లేకపోయింది. కోతల కాలంలో రోజుకి ఐదుసార్లు, ఇన్నేళ్లు. ప్రార్థన అక్షరం తప్పకుండా చదివేదాన్ని. మెట్ల మీద కారిన మైనం చాకుతో గీకేది కూడా నేనే కాబట్టి, ఎంత భక్తిగా చదివేదాన్నో చెప్పలేను.

ఆగస్టులో నుగ్జార్ కొట్టుని బాగుచేయించాడు. లోయ వైపు గోడ పాతకాలపు తడిక. కొమ్మలు అల్లి మట్టి మెత్తింది. అడుగున సందులే సందులు. అది అసహ్యంగా ఉందని దానికి సిమెంటు కొట్టించి, పైన మళ్లీ పాతగా కనిపించే మట్టిరంగు వేయించాడు. నేల మీద ఎర్ర టైల్స్ పరిపించాడు. పాత చెక్క తలుపులు తీసేసి, రబ్బరు అంచులున్న గాజు తలుపులు బిగించాడు. లోపలికి ఒక్క కందిరీగ కూడా రాదని పనివాడు నా ముందు ప్రమాణం చేశాడు.

మామగారు కొత్త గోడని చేత్తో తడుముతూ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచారు.

"సందులేవిరా?"

"పూడ్చేశాం నాన్నా. ఎలకలొస్తున్నాయి."

"మరి ఆ గాలి ఎటు పోతుంది?"

"కిటికీ పెట్టించా కదా."

"అది నీ నెత్తి మీదుంది. ఇది నీ కాళ్ల దగ్గరుంటుంది. అది మెట్లెక్కి కిటికీలోంచి దూకుతుందా?"

"తలుపులు తెరిచే ఉంచుతాం నాన్నా. వేసేది అతిథులు వచ్చినప్పుడే."

"అంటే వాళ్లొచ్చినప్పుడు అది కూడా మర్యాదగా ఊపిరి బిగబట్టుకుంటుందన్నమాట," అన్నారు మామగారు. రెండు ఇటుకలు తెచ్చి, రెండు తలుపులకీ అడ్డం పెట్టారు. కోతలు మొదలయ్యాక కూడా ఆ ఇటుకలు అక్కడే ఉన్నాయి. నుగ్జార్ వాటికి కూడా ఎర్రరంగు వేయించాడు.

తలుపుల తర్వాత వచ్చింది కొవ్వొత్తుల పెట్టె. పన్నెండు. బ్యాటరీతో వెలిగేవి. మైనం రంగు, మైనం కారినట్టు పక్కల గీతలు, పైన చిన్న మంట. గాలికి కదిలినట్టే ఊగుతుంది. పెట్టె మీద రెండు వందల గంటలు అని రాసి ఉంది.

"బానకొకటి, మెట్ల మీద నాలుగు. ఫొటోల్లో అదిరిపోతాయి," అన్నాడు నుగ్జార్. "టైల్స్ మీద మరకా పడదు."

నిజం చెప్పాలంటే అవి నాకు తెగ నచ్చాయి. చాకుతో గీకిన రోజులన్నీ గుర్తొచ్చి, ఒకదాన్ని ముద్దు పెట్టుకున్నంత పని చేశాను. నేనేమీ తక్కువ తినలేదు. పాస్కల్ వస్తున్నాడని వాషింగ్ మెషిన్ మీద అమ్మమ్మగారి కాలంనాటి తివాచీ కప్పాను, ప్లాస్టిక్ తొట్లు మంచం కిందికి తోశాను. వీధిలో అందరూ మూల పడేసిన చెక్క గిన్నెలు, ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చుకున్నాను.

పక్కింటి జూజునా చూడ్డానికొచ్చింది. వాళ్ల ద్రాక్ష మొత్తం ఫ్యాక్టరీకే పోతుంది కాబట్టి ఆవిడ నోటికి అడ్డు లేదు.

"ఏమే ఎతెరీ, బానలకి షోరూము కట్టించారటగా. చెప్పులు విప్పి రావాలా, లోపల కొత్త చెప్పులిస్తారా?"

"రా వదినా. ఏం తాగుతావ్?"

"సహజమైనది ఉంటే పొయ్యి. లేకపోతే మొన్నటిదాకా మనం తాగినదే పొయ్యి."

పాస్కల్, ఆయన భార్య క్లోదీన్ అక్టోబర్ మొదట్లో వచ్చారు. అప్పటికి ఆరు బానలు మంచి పొంగు మీదున్నాయి. రెండు ఇంకా నింపాలి. పాస్కల్‌కి మా భాష ముక్కలుముక్కలుగా వచ్చు. అందుకని నుగ్జార్ పక్కనుండి అనువాదం చేశాడు.

ఇద్దరూ పంట్లాలు మడిచి తొట్టిలో దిగి ద్రాక్ష తొక్కారు. నాలుగు నిమిషాలు. ఫొటోలు నూట అరవై. వాళ్లు భోజనానికి వెళ్లాక మిగతా ద్రాక్షంతా తివాచీ వెనకాల దాచిన కరెంటు మిషన్‌తో నలిపాం. మామగారికి ఈ దాపరికాలు అర్థమయ్యేవి కావు. ఎప్పట్లాగే గంధకం వత్తి వెలిగించి, ఖాళీ బాన లోపలికి దించి పొగపెట్టడం మొదలెట్టారు, పాస్కల్ చూస్తుండగానే.

పాస్కల్ మొహం మారింది. గంధకం సోకితే అది నేచురల్ వైన్ కాదట. "ఇదేంటి?"

"ధూపం," అన్నాడు నుగ్జార్. "పూర్వీకులకి."

పాస్కల్ చేతులు కట్టుకుని తలవంచి నిలబడ్డాడు. మామగారు నాకేసి తిరిగారు.

"ఇతనికేమైందమ్మా? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు మామయ్యా. మీరు కానివ్వండి."

సాయంత్రం ఐదోసారి కలపడానికి గరిటెతో నేనే కొవ్వొత్తి దించాను. ప్రార్థన చదివాను. మామగారు దిగి, కలిపి, ఎక్కి వచ్చారు. తర్వాత నుగ్జార్ పన్నెండు బ్యాటరీ కొవ్వొత్తులూ పెట్టాడు. అందరూ మెట్ల మీద నిలబడి గ్లాసులు ఎత్తారు. ఆ వెలుగులో బానల మూతులు ఎనిమిదీ నిజంగానే బాగున్నాయి. క్లోదీన్ కళ్లు తుడుచుకుంది. పాస్కల్ నుగ్జార్ భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు. నుగ్జార్ నావైపు చూసిన చూపులోనే నాకు తెలిసింది, తోట ఉంటోంది.

పాస్కల్ కెమెరా స్టాండూ, పెద్ద లైట్లూ లోపలే ఉండిపోయాయి. వాటిని మోసుకెళ్లే ఓపిక ఎవరికీ లేదు. అందుకని నుగ్జార్ ఇటుకలు పక్కకి తోసి, గాజు తలుపులు దగ్గరికి వేసి తాళం పెట్టాడు. తాళంచెవి తలుపుకే వదిలేశాడు. మామగారు అప్పటికే పడుకున్నారు.

నేను అంతకుముందే, ఆ పెద్ద లైట్ల వెలుగులో, కొవ్వొత్తులు ఏరి పెట్టెలో సర్దాను. పదకొండు. పన్నెండోది క్లోదీన్ ముచ్చటపడి గదికి పట్టుకెళ్లిందేమో అనుకున్నాను.

పొద్దున్న ఆరున్నరకి వాళ్లకి ఫలహారం పెట్టాలి. విమానం ఉంది. నేను చీజ్ రొట్టెలు చేస్తున్నాను. మోచేతులదాకా పిండి. పొయ్యి మీద ఒకటి, బల్ల మీద రెండు, నోట్లో తిట్లు. మామగారు పెరట్లోకి వచ్చి, కర్ర భుజాన వేసుకుని, కొట్టు ముందు నిలబడ్డారు. తాళం తీసి తలుపు లాగారు.

"అమ్మాయ్! పెట్టావా?"

వంటిల్లు ఎత్తు మీదుంది కాబట్టి కిటికీలోంచి కొట్టు తలుపులు, వాటి వెనక మెట్లు కిందిదాకా కనిపిస్తాయి. తెరిచిన తలుపులోంచి చూశాను. కింది మెట్టు మీద చిన్న మంట. నిదానంగా ఊగుతోంది. నుగ్జార్ పెట్టి ఉంటాడనుకున్నాను. నాకు పని తప్పిందని సంతోషం కూడా వేసింది.

"వెలుగుతోంది మామయ్యా."

ఆయన అక్కడే నిలబడి ప్రార్థన మొత్తం పైకి చదివారు, తొందరేమీ లేకుండా. అయ్యాక శిలువ గుర్తు వేసుకుని దిగారు.

గరిటె కొక్కానికే వేలాడుతోందని నాకు తర్వాత గుర్తొచ్చింది. అది కూడా కిటికీలోంచి కనిపిస్తుంది.

నేను రొట్టె తిరగేశాను. క్లోదీన్ వంటింట్లోకి వచ్చి, అంచు బాగా కాలిందని చేతి సైగలతో మెచ్చుకుంది. ఎలా చెయ్యాలో చూపించమంది. చూపించాను. రెండో రొట్టె కూడా తిరగేశాను. నుగ్జార్ మొహం తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్లి, "నాన్నా, కాఫీ," అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. మూడోసారి పిలుపులో 'కాఫీ' లేదు.

మామగారు మూడో బాన అంచు మీద ఛాతీ ఆనించి, చెంప టైల్స్ మీద పెట్టి ఉన్నారు. కర్ర మాత్రం తొక్కల్లో నిటారుగా నిలబడే ఉంది. నుగ్జార్ ఊపిరి బిగబట్టి దిగి, ఆయన్ని చంకల కింద పట్టుకుని మెట్ల దాకా లాక్కొచ్చి, అక్కడే తూలాడు. పాస్కల్‌కి ఒక్క చూపులో అర్థమైంది. ఆయనా ఇలాంటి కొట్లు చూసినవాడే. గాలి ఆడాలని కుర్చీతో గాజు తలుపులు పగలగొట్టి, ఇద్దర్నీ పైకి లాగాడు. నుగ్జార్ దగ్గుతూ లేచి కూర్చున్నాడు. మామగారు లేవలేదు.

గాజు పగిలిన చప్పుడికి వీధంతా వచ్చింది. ముందుగా జూజునా. ఆవిడ మెట్ల మీద నుంచి లోపలికి తొంగిచూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చూడండే! కొవ్వొత్తి ఇంకా వెలుగుతోంది!"

అందరూ తొంగిచూశారు. శిలువ గుర్తులు వేసుకున్నారు.

"ఇది గాలి పని కాదు," అంది జూజునా. "గాలైతే కొవ్వొత్తి ఆరిపోదూ? దేవుడే వచ్చి చెయ్యిపట్టి తీసుకెళ్లాడు. ఎంత పుణ్యాత్ముడో చూడండి!"

అందరూ మామగారి చుట్టూ మూగినప్పుడు నేను గరిటె తీసుకుని, కింది మెట్టు మీది కొవ్వొత్తిని దాంట్లోకి దొర్లించి పైకి లాగాను. చేత్తో పట్టుకుంటే చల్లగా ఉంది. అడుగున చిన్న స్విచ్చు.

టౌను నుంచి డాక్టరు వచ్చాడు. కొట్టుని చూసి, "బాన గాలి పీల్చారేమో," అన్నాడు.

"కొవ్వొత్తి వెలుగుతూనే ఉంది డాక్టరుగారూ. నా రెండు కళ్లతో చూశాను. ఇరవై మంది చూశారు," అంది జూజునా.

పాస్కల్ ఏదో అనబోయి నుగ్జార్ వైపు చూశాడు. నుగ్జార్ అనువాదం చేసే స్థితిలో లేడు. డాక్టరు గుండె అని రాసిచ్చి వెళ్లాడు.

నేను వంటింట్లో ఉన్నాను. ఏప్రన్ జేబులోంచి వెలుగు బయటికి కనిపిస్తోంది. ఎవరో వస్తున్న అడుగుల చప్పుడైంది. చేతికందిన పిండి డబ్బా మూత తీసి, లోపల పడేసి మూత పెట్టాను. వచ్చింది జూజునా.

"ఆ కొవ్వొత్తి ఏదే? చర్చిలో మేరీమాత ముందు పెడదాం. చిన్న ముక్క మిగిలినా చాలు."

"కరిగిపోయింది వదినా," అన్నాను.

శవపేటికని ముందుగదిలో పెట్టాం. వచ్చేపోయేవాళ్లకి రొట్టె కావాలి. పిండి తియ్యడానికి మూత తీసిన ప్రతిసారీ లోపల ఆ మంట ఊగుతూనే ఉంది. స్విచ్చు నొక్కితే ఆగిపోతుంది. ఎన్నిసార్లు చెయ్యి పెట్టానో. ప్రతిసారీ పక్కనుంచి పిండి తీసుకుని మూత పెట్టేశాను.

రెండో రోజు మధ్యాహ్నం టోపీలు చేత్తో పట్టుకుని శవపేటిక చుట్టూ నిలబడ్డ మగవాళ్లు ఏదో గుసగుసలాడుతున్నారు. నన్ను చూసి గొంతులు తగ్గించారు. పోయినాయన గురించేమో అనుకున్నాను. బానల గురించి. నిన్న పొద్దుట్నుంచీ ఎవరూ కలపలేదు. ఇంకో పూట ఆగితే ఎనిమిదీ పుల్లబడతాయి. మామగారి చివరి పంట. వైన్‌కి దుఃఖం తెలియదు. పైగా, పొంగు బ్రహ్మాండంగా ఉంది.

నుగ్జార్ నల్లకోటు విప్పి, మడిచి, నా చేతికిచ్చాడు. కర్ర తీసుకుని పెరట్లోకి నడిచాడు. పగిలిన తలుపులకి వాన పడకుండా ప్లాస్టిక్ పట్టా కట్టారు. దాన్ని ఎత్తి లోపలికి కాలు పెట్టబోతున్నాడు.

"ఆగు," అన్నాను. "కొవ్వొత్తి పెట్టనీ."

"ఎందుకు? నాన్నది గుండె. డాక్టరు రాసిచ్చాడుగా."

"పెట్టనీ నుగ్జార్."

"నిన్న వెలుగుతూనే ఉంది కదా. లోపలేం లేదు. అందరూ చూశారు. వదులు, అవతల జనం ఉన్నారు."

ఆయన కళ్లలో నాకు ఆశ కనిపించింది. మామగారు చెప్పిన ఆశే. తండ్రి గుండె ఆగి పోయాడన్న ఆశ. అది నిజమైతే గోడకి పూసిన సిమెంటుకి ఏ సంబంధమూ లేదు, తలుపులకి వేసిన తాళానికి లేదు, నాకూ లేదు. అందరం బాగుంటాం. నేను నోరు మూసుకుంటే చాలు. కిందికి దిగేది మాత్రం ఆయన.

గరిటెలో మైనపు కొవ్వొత్తి నిలబెట్టి, అగ్గిపుల్ల గీశాను. మంట నిలబడింది. మెల్లగా దించాను. మొదటి మెట్టు, రెండు, మూడు. నాలుగో మెట్టు దగ్గర మంట పొట్టిగా అయి, వత్తిని వదిలి, పోయింది. ఎవరో ఊదినట్టు కూడా కాదు. ఊరికే లేకుండా పోయింది.

పైకి లాగి మళ్లీ వెలిగించాను. మళ్లీ దించాను. మళ్లీ నాలుగో మెట్టు.

నుగ్జార్ ఆ నాలుగో మెట్టునే చూశాడు. ప్రమాదాలు ఎలా జరిగాయో ఇరవై ఏళ్లు రాసినవాడికి నేను విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

"మరి నిన్నటిది?"

"నిన్నటిది పిండి డబ్బాలో ఉంది."

ఆయన కర్ర గోడకి ఆనించి వంటింట్లోకి వెళ్లాడు. నేను అక్కడే నిలబడ్డాను. గరిటె చేతిలో ఉంది. ఎటు చూడాలో తెలియక కొండలు చూశాను. పైన అప్పుడే మంచు పడింది.

తిరిగొచ్చేటప్పటికి ఆయన చేతులు మోచేతులదాకా తెల్లగా ఉన్నాయి. నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"నేనే చెప్పాను కదా వెలుగుతోందని," అన్నాను. "ఆయన అడిగారు. నేను చెప్పాను."

"తలుపులు వేసింది నేను," అన్నాడు.

అంతే. దాని గురించి మా ఇద్దరి మధ్యా అంతకంటే మాటలు జరగలేదు, ఆ రోజూ, తర్వాతా.

షెడ్డులోంచి గునపం తెచ్చి, కొండవాలు చుట్టూ తిరిగి లోయ వైపుకి వెళ్లి, కొత్త గోడని అడుగు నుంచి పొడవడం మొదలెట్టాడు. మట్టిరంగు పెచ్చులుగా రాలింది, కింద సిమెంటు, దాని కింద పాత తడిక. ఆ చప్పుడికి ముందుగదిలో ఏడుపులు ఆగిపోయాయి. జనం పెరట్లోకి వచ్చి నిలబడ్డారు.

"పాపం, దుఃఖం," అంది జూజునా నా భుజం పట్టుకుని. "కొట్టుకోనీ. తండ్రి పోయాడు కదా."

గోడ అడుగున మనిషి దూరేంత కంత పడ్డాక ఆయన మెట్ల దగ్గరికి తిరిగొచ్చాడు, నేను మళ్లీ గరిటె దించాను. కొంతసేపు నాలుగో మెట్టు దగ్గరే ఆరింది. తర్వాత ఐదో మెట్టు దగ్గర. మేమిద్దరం ఆ కనపడనిది లోయలోకి పారిపోయేదాకా నిలబడ్డాం. చివరికి కింది మెట్టు మీద నిలబడింది మంట. ప్రార్థన చదివాను. మధ్యలో ఒక మాట తప్పింది. మళ్లీ మొదట్నుంచి చదివాను.

"వెలుగుతోందా?" అన్నాడు నుగ్జార్, పై మెట్టు మీద నుంచి. మంట ఆయనకి ఎదురుగానే ఉంది. ఆయన కళ్లలో శుక్లాలు లేవు.

నేను గరిటె పైకి లాగి, చూపుడువేలు మంటలో పెట్టాను. చర్మం చిటపటమనేదాకా ఉంచాను. మళ్లీ కిందికి దించాను.

"వెలుగుతోంది," అన్నాను.

ఆయన దిగి ఎనిమిది బానలూ కలిపాడు. మర్నాడు మామగారిని పాతిపెట్టాం. శ్మశానానికి వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి కలిపాం. తొమ్మిదో రోజు భోజనాలకి పిండి తీద్దామని మూత తీస్తే, లోపల చీకటిగా ఉంది. రెండు వందల గంటలు అన్నారు. పెట్టె మీద రాసినదానికి ఏమీ తక్కువ కాలేదు.

ఆ ఏటి వైన్ బాగా కుదిరింది. పాడైపోయి ఉంటే ఎంత బాగుండేదో అని వసంతంలో బాన తెరిచినప్పుడు అనుకున్నాను. మా ఊళ్లో అంత మంచి వైన్ ఎవరూ తాగలేదని జూజునాయే ఒప్పుకుంది. పాస్కల్ మొత్తం తీసుకున్నాడు. తోట మాకే ఉంది. సీసా మీద అంటించే కాగితం లియోన్‌లోనే వేయించాడు. దాని మీద మామగారి ఫొటో, కింద చిన్న అక్షరాల్లో: 'ఏమీ కలపలేదు, ఏమీ తీసెయ్యలేదు.' నుగ్జార్ దాన్ని నాకు చదివి అర్థం చెప్పి, సీసాని బల్ల మీద పెట్టేటప్పుడు కాగితం గోడవైపుకి తిప్పి పెట్టాడు.

ఇప్పుడు కోతల కాలంలో అతిథులు బస్సుల్లో వస్తారు. గోడ కంత నుంచి లోయ బాగా కనిపిస్తుందని ఫొటోలు తీసుకుంటారు. జూజునా వాళ్లకి ముందే అంతా చెప్పి పంపుతుంది కాబట్టి, మెట్ల దగ్గర నిలబడి గొంతు తగ్గించి అడుగుతారు.

"కొవ్వొత్తి ఆరనిది ఇక్కడేనా?"

నుగ్జార్ కర్ర కోసం అటు తిరుగుతాడు.

"ఇక్కడే," అంటాను. "ఆరలేదు."

అందులో అబద్ధమేమీ లేదు. నా చూపుడువేలి కొస మీద నల్లటి కాయ కట్టింది. అది ద్రాక్షరసం మరకనుకుని, కష్టపడే చెయ్యని ఫొటో తీసుకుంటారు. తియ్యనిస్తాను. తర్వాత వాళ్లని పక్కకి జరగమని, గరిటె కొక్కెం మీద నుంచి తీసి, కొవ్వొత్తి దించి, ప్రార్థన చదువుతాను. పై మెట్టు మీద నుంచి నుగ్జార్ అడుగుతాడు. నేను పైకి లాగి, వేలు పెట్టి చూసి, చెబుతాను.